తొమ్మిదో బండ

మార్చి 17, సోమవారం

నా భార్య క్రిస్టినాకు ఆమె పనిచేసే స్కూల్లో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఆమె వాడనంటే నేను తీసుకున్నా. రెండున్నర నెలలు ఖాళీగానే పోయినాయి. మా కాలేజీ బొమ్మల ఎగ్జిబిషన్ అయ్యేదాకా తలలో ఎట్లాగూ అదే తిరుగుతాది. రాస్తే మేలేమో.

ఏప్రిల్ 9, 10, 11. మూడు రోజులు. ఫైనలియర్ పిల్లలు పద్నాలుగు మంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు కొండారెడ్డి బురుజు వేస్తారు, ఈసారి ముగ్గురు వేసినారు. ఒకరు తుంగభద్ర ఎండిపోయినట్ల. ఒకరు వాళ్ల అవ్వ బొమ్మ. మంచి రంగులు, గట్టి ఫ్రేములు. చూసేవాళ్లకు బాగానే ఉంటాది.

వాళ్లల్లో కృపారాణి మాత్రం వాళ్ల ఊరు బేతంచెర్ల నుంచి బండలు తెచ్చింది. నిజం బండలే. పాలిష్ ఫ్యాక్టరీలో అంచులు పగిలిపోతే పక్కన పడేస్తారే, ఆ నాపరాళ్లు. వాళ్ల నాయిన ఎవరి ఆటోలోనో వేసి పంపినాడంట. వాటి మీద ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ముఖాలు గీసింది. తెలుపు కోసం రంగు కొనలేదు. మిషన్ కింద కారే తెల్ల బురదను ఎండబెట్టి, జల్లించి, జిగురు కలిపింది. నలుపుకు బొగ్గు. అంతే. మొత్తం తొమ్మిది బండలు. గోడకానిచ్చి వరసగా నిలబెడితే తొమ్మిది మంది నన్నే చూస్తాన్నట్ల ఉండింది.

ఈ డిపార్ట్‌మెంటులో పదకొండేళ్లుగా చేస్తాండా. ఇట్లాంటి పని చూడలేదు. ఆమెతో ఆ మాట అనలేదు. "తొమ్మిదో దాంట్లో ఎడమ చెంప ఇంకొంచెం ఆరనియ్యి" అన్నా.

"ఆ బొమ్మ ఎవరిది?" అని అడిగినా.

"సోమన్న మామ సార్. మా ఇంటి పక్కనే. పోయిన ఆగస్టులో లారీకి బండలెక్కిస్తాంటే జారి మీద పడినాయి."

"ఫోటో చూసి వేసినావా?"

"ఫోటో లేదు సార్. ఆధార్ కార్డులో ఉండేదొక్కటే. అందులో ఆయన ఆయన మాదిరి లేడు. ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఆయన డ్యూటీ దిగి టీ తాగుతాంటే గీసుకున్నా, ఆ స్కెచ్ పెట్టుకోని వేసినా. ఓబులమ్మత్తకు చెప్పినా, ఎగ్జిబిషన్‌కు వచ్చి చూడు అని."

ఓబులమ్మ ఆయన భార్య.

బొమ్మ కింద మేకుతో గీకి రాసింది. సోమన్న, లోడింగ్, 21-8-24.


మార్చి 20

కృపారాణి ఎడమ చెంప సరిచేసింది. నేను చెప్పకపోయినా చేసేదేమో.


మార్చి 24, సోమవారం

ప్రిన్సిపాల్ సార్ పిలిచినాడు. చీఫ్ గెస్టు ఖాయమైనాడు. మద్దిలేటి రెడ్డి. బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు. మన ఎగ్జిబిషన్ హాలుకు ఫ్లోరింగ్ ఆయనే వేయించి ఇస్తాడంట.

"పిల్లల పనులన్నీ ఒకసారి చూసుకో యేసుప్రసాద్. ఆయన పెద్దమనిషి" అన్నాడు సార్.

"చూసుకుంటా సార్" అన్నా.

సార్ టేబుల్ మీద కాంట్రాక్ట్ లెక్చరర్ల ఫైలు ఉండింది. నా పేరు అందులో మూడోది. ప్రతి జూన్‌లో సంతకం పెడితేనే ఇంకో ఏడు. సార్ ఆ ఫైలు గురించి ఏమీ మాట్లాడలేదు. ఊరికే ఉండింది టేబుల్ మీద.


మార్చి 25, మంగళవారం

కృపారాణిని అడిగినా, సోమన్న ఏ ఫ్యాక్టరీలో చేసేవాడు అని.

మద్దిలేటి రెడ్డి ఫ్యాక్టరీనే.


మార్చి 27

ఎండ నలభై దాటింది. హాల్లో రెండు ఫ్యాన్లు తిరగడం లేదు. ఎలక్ట్రీషియన్‌కు రెండోసారి చెప్పినా.

ఆ బండ మీద రాసిన తేదీ ఒక్కటి చెరిపేస్తే సరిపోతాదేమో అనుకున్నా. మేకుతో గీకింది చెరగదు.


మార్చి 30, ఆదివారం. ఉగాది

పొద్దున చర్చికి పోయొచ్చినాం. పక్కింటివాళ్లు ఉగాది పచ్చడి ఇచ్చినారు.

మధ్యాహ్నం అన్నం తింటా క్రిస్టినాకు చెప్పినా. బండల సంగతి, సోమన్న సంగతి, చీఫ్ గెస్టు సంగతి.

"తీసేయమని ఎవరన్నా అన్నారా నీకు?" అనింది.

"అన్నట్టే."

"అన్నట్టే అంటే?"

"చూసుకోమన్నాడు సార్. దాని అర్థం నీకు తెలీదా?"

"నాకు తెలిసేది ఏంది? అడిగితే పోలేదా ఆయన్నే."

అడగడం ఎట్లా? అడిగితే పెట్టమని ఆయన అనలేడు, తీసేయమని అనడానికీ ఇష్టపడడు. అడిగి ఆయన్ని ఇరకాటంలో పెట్టినట్ల అయితాది. అడక్కుండా మనమే చక్కబెట్టుకుంటే అందరికీ మర్యాద. ఆ పిల్లకూ అదే మంచిది. వాళ్ల నాయిన కూడా అదే ఊర్లో బండలు కోసుకోని బతికేవాడు. రేపు ఆ ఓనరు మనసులో పెట్టుకుంటే?

ఇది ఆ పిల్ల మంచికే.


ఏప్రిల్ 2, బుధవారం

క్లాసు అయినాక కృపారాణిని ఉండమన్నా.

"తొమ్మిదోది ఈసారికి పెట్టొద్దు. ప్రిన్సిపాల్ సార్ వద్దన్నాడు."

"సార్ చూసినాడా సార్?"

"చూసినాడు."

చున్నీ అంచు పట్టుకోని నిలబడింది.

"నేను పోయి అడగొచ్చా సార్?"

"వద్దు. మార్కుల టైము. గమ్మునుండు."

"సరే సార్."

వెళ్లిపోయింది. గొడవ చేస్తాదనుకున్నా. చేయలేదు. అర్థం చేసుకునే పిల్ల.

చూసినాడు అని చెప్పడం అబద్ధమే. కానీ చూసింటే సార్ కూడా అదే అనేవాడు. మాట నాది, అర్థం ఆయనది.


ఏప్రిల్ 3

కృపారాణి క్లాసుకు రాలేదు.


ఏప్రిల్ 4

రాలేదు. జ్వరమంట.


ఏప్రిల్ 8, మంగళవారం

రోజంతా పటాలు తగిలించడమే. అటెండర్ బసవన్న నిచ్చెన మీద, నేను కింద. ఫ్యాన్లు రెండూ తిరుగుతాండాయి, దేవుని దయ.

కృపారాణి వచ్చింది. జ్వరం తగ్గిందంట. ఎనిమిది బండలు తానే తుడిచి, తానే సర్ది, కింద చెక్కలు పెట్టుకోని పోయింది. తొమ్మిదో దాని వైపు పోనే లేదు.

అందరూ పోయినాక నేను, బసవన్న చెరో పక్క పట్టి దాన్ని స్టోర్‌రూముకు మోసినాం. ఇరవై కిలోలకు తక్కువుండదు.

"ఇదే బాగుండాది కద సార్ అన్నిట్లో. ఎందుకు తీస్తాండారు?"

"జాగా చాల్లేదప్పా."

బసవన్న వెనక్కి తిరిగి హాలు చూసినాడు. ఆ పక్క గోడ సగం ఖాళీగానే ఉండాది.

పాత ఈజిల్‌ల వెనకాల, గోడకు ముఖం పెట్టి నిలబెట్టినాం. దుమ్ము పడకుండా గోనెపట్ట కప్పినా. హాల్లో ఎనిమిదో బండ పక్కన బోసిగా కనపడతాందని ఆఫీసు ముందరుండే క్రోటన్ కుండీ తెచ్చి పెట్టినా.

ఇప్పుడు బాగానే ఉండాది.


ఏప్రిల్ 9, బుధవారం

ఎట్ల జరిగిందో అట్లనే రాస్తా.

ఓపెనింగ్ పదకొండున్నరకు. పదికి నేను హాల్లో కుర్చీలు వేయిస్తాంటే ఒకామె వచ్చింది. నలభై ఉంటాయి. ఉతికిన చీర, చేతిలో సంచి. చెప్పులు గుమ్మం బయటే విడిచింది.

"సార్, బేతంచెర్ల పాప, కృపారాణి బొమ్మలు యాడ పెట్టినారు?"

చూపించినా. ఎవరని అడగలేదు. అడగనక్కర్లేకపోయింది.

ఆమె మొదటి బండ కాడ నిలబడి నవ్వింది. "మా దస్తగిరమ్మ! సేమ్‌టుసేమ్ దించింది పాప" అనింది, నాతోనో, తనలో తానో. రెండో దాని కాడ ముక్కు మీద వేలేసుకుంది. ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటా వచ్చింది. ఎనిమిది అయినాయి. ఆ తర్వాత కుండీ. కుండీ కాడ ఆగింది. ఆకులు పక్కకు తీసి వెనకాల కూడా వంగి చూసింది.

"మా ఆయన యాడ ఉండాడు సార్?"

"ఎవరమ్మా?" అన్నా. తెలిసే అన్నా.

"సోమన్న."

"ఆ బొమ్మ ఇంకా రాలేదమ్మా."

"ఎప్పుడొస్తాది?"

"చెప్పలేను."

"కృపా యాడుండాది?"

"గేటు కాడికి పోయింది, చీఫ్ గెస్టుకు బొకే ఇయ్యాల."

ఆమె తల ఊపింది. పోయి వరండా మెట్ల మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. స్టోర్‌రూము తలుపు ఆమె వీపు వెనకాలే, పది అడుగుల దూరం. తాళంచెవి నా జేబులో ఉండింది.

నేను కుర్చీలు లెక్కపెట్టుకుంటా ఉన్నా. మళ్లీ చూసేసరికి మెట్ల మీద లేదు. పదకొండు గంటల బస్సుకు పోయిందని బసవన్న చెప్పినాడు. మధ్యాహ్నం డ్యూటీకి అందుకోవాలంట.

పదకొండున్నరకు కాదు, పన్నెండుకు వచ్చినాడు మద్దిలేటి రెడ్డి. తెల్లచొక్కా, లావాటి మనిషి. రిబ్బన్, దీపం, ఫోటోలు. కొండారెడ్డి బురుజుల ముందర నిలబడి "బాగుండాయి, బాగుండాయి" అన్నాడు. బండల కాడికి వచ్చేసరికి నడక ఆగింది. అంచు మీద వేలు పెట్టి చూసినాడు. "ఇది మా సరుకే. ఈ పగులు మా మిషన్‌ది" అన్నాడు. ముఖాలు చూసి, ఓబులమ్మ మాదిరే పేర్లు చెప్పినాడు. దస్తగిరమ్మ పేరు మాత్రం తప్పు చెప్పినాడు. పక్కనుంచి కృపారాణి సరిచేసింది.

ఎనిమిది అయినాక ఆయన కూడా కుండీ కాడ ఆగినాడు.

"సోమన్నది యాడ?"

కృపారాణి వైపు వేలు చూపించినాడు.

"ఈ పాప సోమన్న బొమ్మ గీసిందని మా మేస్త్రి చెప్పినాడే. అది చూద్దామనే నేను ఒప్పుకున్నా, లేకుంటే ఇట్లాంటి వాటికి నేను రాను."

ప్రిన్సిపాల్ సార్ నా వైపు తిరిగినాడు. "ఏం యేసుప్రసాద్, ఇంకొకటి ఉండాదా?"

నిజంగానే అడిగినాడు. ఆయనకు తెలీదు. ఆ ముఖం చూసింది కృపారాణి. తర్వాత నన్ను చూసింది.

"ఉండాది సార్. ఫినిషింగ్ కాలేదు" అన్నా.

"అట్లనా" అన్నాడు మద్దిలేటి రెడ్డి. ఆయన నిజంగా ఆ ముఖం చూద్దామని వచ్చినాడో, కింద ఏం రాసిందో చూసుకుందామని వచ్చినాడో నాకు తెలీదు. రెండూ కావచ్చు. జిలేబీ తిని, కాఫీ తాగి పోయినాడు.

కృపారాణి నాతో మాట్లాడలేదు. సాయంత్రం బసవన్నను అడిగిందంట, మా అత్త వచ్చిందా అని. రావద్దని చెప్పమని పొద్దున్నే వాళ్లమ్మకు ఫోన్ చేసిందంట. వాళ్లమ్మ చెప్పేలోపలే ఓబులమ్మ బస్సెక్కింది.


ఏప్రిల్ 10, గురువారం

పొద్దున్నే ఈ డైరీ వెనక్కి తిప్పి మార్చి 24 చదివినా. సార్ ఏమన్నాడో నా చేత్తోనే రాసుకున్నా. "పిల్లల పనులన్నీ ఒకసారి చూసుకో. ఆయన పెద్దమనిషి." ఇంతే. ఏప్రిల్ 2కు వచ్చేసరికి అది "వద్దన్నాడు" అయింది. మధ్యలో ఎవరూ ఏమీ అనలేదు.

కృపారాణికి చెప్పింది, ప్రిన్సిపాల్ వద్దన్నాడని. బసవన్నకు చెప్పింది, జాగా లేదని. ఓబులమ్మకు, ఇంకా రాలేదని. సార్‌కు, ఫినిషింగ్ కాలేదని. నలుగురికి నాలుగు.

తొమ్మిదికే ప్రిన్సిపాల్ రూముకు పోయినా. కూర్చోకుండానే చెప్పినా.

సార్ పెన్ను కింద పెట్టినాడు. "నేనెప్పుడు తీసేయమన్నా?"

"మీరనలేదు సార్."

"నా పేరు చెప్పి నువ్వు తీసేసినావు. రేపు ఆ పిల్ల తల్లీతండ్రీ వచ్చి నా గల్లా పట్టుకుంటే?"

"తప్పు నాదే సార్."

"నన్ను అడిగింటే పెట్టమనేవాణ్ణో వద్దనేవాణ్ణో నాకూ తెలీదప్పా. కానీ నువ్వు అడగలేదు." కొంచేపు కిటికీలోకి చూసినాడు. "ఈ పొద్దు పెట్టుకో. జూన్ సంగతి జూన్‌లో చూద్దాం."

ఆ మాటకు ఏం అర్థం చెప్పుకోవాలో నేను ఆలోచించడం మానేసినా. జూన్ సంగతి జూన్‌లో.

హాల్లో కృపారాణి కుర్చీలో కూర్చోని ఉండింది, విజిటర్స్ బుక్ ముందర. చెప్పినా. అంతా. చూసినాడని చెప్పింది కూడా అబద్ధమని.

ఆమె తల ఎత్తకుండా అనింది, "నిన్ననే అర్థమైంది సార్."

విజిటర్స్ బుక్ మూసి పక్కకు జరిపింది.

"నేనే వద్దంటాండానని మీరు చెప్పింటే మీతో కొట్లాడేదాన్ని సార్. నాలుగేళ్లుగా మీతో ఎన్నిసార్లు కొట్లాడలేదు? మీ మీద కోపమొస్తే అరిచేదాన్ని. ప్రిన్సిపాల్ సార్ అన్నారనేసరికి గమ్మునుంటి. మార్కులు పోతాయని భయపడి నేనే గమ్మునుంటి. ఇప్పుడు మామకు నేనేం చెప్పాల?"

చనిపోయిన మనిషి గురించి అట్ల అడిగింది, ఇంటికి పోతే ఆయన గుమ్మంలో ఉంటాడన్నట్ల.

"బండ తెచ్చి పెడదాం. ఇంకా రెండు రోజులుండాయి."

"ఎవరు చూసేదానికి సార్? చూడాల్సినామె వచ్చి పోయింది."

అయినా తెచ్చినాం. నేను, బసవన్న, ఈసారి కృపారాణి కూడా ఒక చెయ్యి వేసింది. గోనెపట్ట తీసినాక కొంగుతో తుడిచినట్ల చున్నీతో తుడిచింది. కుండీని బసవన్న ఆఫీసు ముందరికి తీసుకపోయినాడు.


ఏప్రిల్ 11, శుక్రవారం

చివరి రోజు. జనం తక్కువ. పక్క జూనియర్ కాలేజీ నుంచి ఆడపిల్లలు ఒక ఇరవై మంది వచ్చి తొమ్మిదో దాని కాడ సెల్ఫీలు తీసుకున్నారు. కృపారాణి వద్దనలేదు.

విజిటర్స్ బుక్‌లో ఒకాయన రాసినాడు: బురుజు చాలా బాగుంది.

క్రిస్టినాకు చెప్పినా, రేపు బేతంచెర్లకు పోతాండానని. "బండ మోసుకోనా?" అనింది. అవునన్నా. "నడుం పట్టేస్తాది, జాగర్త" అనింది. పొద్దున్నే పెరుగన్నం కడతానంది.


ఏప్రిల్ 12, శనివారం

ఇప్పుడే వచ్చినా. నడుం పట్టింది.

ఏడున్నర బస్సుకు నేను, కృపారాణి ఎక్కినాం. బండకు రెండు గోనెపట్టలు చుట్టి డ్రైవరు సీటు వెనకాల నిలబెట్టినాం. కండక్టరు "బేతంచెర్లకు బండలు మోసుకపోయే మొదటి మనిషివి నువ్వే సార్" అని నవ్వినాడు. బస్సంతా నవ్వింది. కృపారాణి కూడా నవ్వింది. నాలుగు రోజుల్లో మొదటిసారి.

దారి పొడుగునా లారీలు. ఊరు దగ్గరపడే కొద్దీ చెట్లు, మిద్దెలు, రోడ్డు పక్కన గొడ్లు అన్నీ బండల దుమ్ముకు తెల్లగా. స్టాండు నుంచి ఆటోలో పోయినాం.

ఓబులమ్మ ఇల్లు బండల గోడ, రేకుల కప్పు. డ్యూటీ మధ్యాహ్నం నుంచి కాబట్టి ఇంట్లోనే ఉండింది. చాటలో కందిపప్పు చెరుగుతాంది. నన్ను చూసి లేచింది, కొంగు సర్దుకుంది.

"రా సార్. కృపా, మంచం వాల్చమ్మే సార్‌కు."

నేను కూర్చోలేదు. బస్సులో వస్తా అనుకున్న మాటలు చాలా ఉండె. ఒకటే చెప్పినా.

"ఆ రోజు బొమ్మ రాలేదని నీతో అబద్ధం చెప్పినానమ్మా. అది ఆడనే ఉండింది. నువ్వు కూర్చున్న మెట్ల వెనకాల రూములో. ఓనరుకు కోపమొస్తాదేమోనని నేనే దాచిపెట్టినా. ఎవరూ చెప్పలేదు, నేనే."

ఆమె నన్ను చూసింది. తర్వాత గోనెపట్టలో ఉండేదాన్ని చూసింది.

"ఆ మాట ఆ పొద్దే నా చెవులో చెప్పింటే, ఆ రూములోనే చూసుకోని పోయేదాన్ని గద సార్."

ఈ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. గోడ మీద పెట్టడమా, తీసేయడమా, ఈ రెండే ఆలోచించినా పదహైదు రోజులు. తాళం తీసి ఒక్క మనిషికి చూపించొచ్చు అనేది తట్టలేదు.

"తప్పయిందమ్మా" అన్నా.

దానికి ఆమె సరేననలేదు, పర్వాలేదనలేదు. "విప్పు" అనింది కృపారాణితో.

కృపారాణి గోనెపట్టలు విప్పింది. ఇంట్లో చీకటి, వాకిట్లోనే వెలుతురుండాదని బయటే నిలబెట్టబోయినాం. నేల సమంగా లేదు, బండ నిలవడం లేదు. పగిలిన మూల వైపు వాలిపోతాంది. కృపారాణి ఆనించేదానికి రాయి తెస్తానని వెనక్కి పోయింది. అంతదాకా నేను బండ వెనకాల గొంతుక్కూర్చోని రెండు చేతులతో పట్టుకున్నా.

అటు పక్క ఏం జరుగుతాందో నాకు కనపడలేదు. నా ముందర బండ వెనక భాగం, పాలిష్ పట్టని గరుకు వైపు. ఓబులమ్మ కాళ్లు మాత్రం కింద కనపడినాయి. దగ్గరికొచ్చినాయి. ఆగినాయి. తర్వాత కూర్చుంది. గాజుల చప్పుడయింది. ముఖం తడిమిందో, పేరు తడిమిందో.

కృపారాణి రాయి పట్టుకోనొచ్చి పక్కన నిలబడింది. ముందుకు రాలేదు.

"ఇంత తెల్లగా ఉండెనా?" అనింది ఓబులమ్మ.

"డ్యూటీ దిగినాక గీసింది కదత్తా. దుమ్ము అది."

"ఊ. దుమ్ము."

ఇంకా ఏదో అనింది, నాకు కాదు, కృపారాణికీ కాదు. వినపడలేదు. వినకూడదనుకున్నా కూడా.

చేతులు పీకుతాండె. చెమట కళ్లలోకి కారింది, తుడుచుకునేదానికి చెయ్యి లేదు. "రాయి పెట్టమంటావా అమ్మా?" అని అడిగినా.

"ఇంకొంచేపు పట్టుకో సార్" అనింది.

పట్టుకున్నా. ఆమె చాలు అనేదాకా పట్టుకున్నా.